పుస్తకాల షాపులో రచయితతో ఒక సాయంత్రం: ఏర్పాట్లు ఎలా చేయాలి

తిరుపతిలోని మా షాపులో మొదటిసారి ఒక రచయిత్రిని పిలిచినప్పుడు ముందు వరుసకు ఎదురుగా ఏడు కుర్చీలు వేశాం. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథులు ఇద్దరు, వందన సమర్పణ చేసే మిత్రుడు, చివరి కుర్చీలో ఆమె. కరపత్రంలో ఆరు గంటలని వేసి ఆరున్నరకు మొదలుపెట్టాం. ఆమె చేతికి మైకు వచ్చేసరికి ఎనిమిది ముప్పావు అయింది. పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వెళ్లవలసినవాళ్లు బస్సు తప్పిపోతుందని ఒక్కొక్కరే లేచి చెప్పుల దగ్గరకు నడుస్తున్నారు. ఆమె తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. ఆ నవల నగర పారిశుద్ధ్య కార్మికుల జీవితం మీద రాసినది. ఆ పనే చేసే ఒకావిడ వెనక వరుసలో రెండున్నర గంటలు ఓపికగా కూర్చుని, రెండుసార్లు చెయ్యెత్తి, ఎవరూ గమనించకపోవడంతో దించేసుకుని వెళ్లిపోయారు. ఆవిడ ఏమి అడగదలచుకున్నారో మాకు ఇప్పటికీ తెలియదు.

ప్రజా ఉద్యమాల సాహిత్యం అమ్మే షాపు సమావేశం పెట్టేది ఆవిడ మాట వినడానికే అన్న సంగతి మాకు ఆ రాత్రి కుర్చీలు సర్దుతున్నప్పుడు అర్థమైంది. ఆ తర్వాత జరిపిన సమావేశాల్లో తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. తిరుపతిలోనో, చిత్తూరులోనో, మదనపల్లెలోనో మీరు ఇలాంటి షాపు నడుపుతున్నా, షాపు లేకుండా నలుగురు మిత్రులతో కలిసి అద్దె గదిలో సమావేశం పెట్టదలచుకున్నా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు వినేవాళ్లను, ఆ తర్వాత రచయితను ఎంచుకోండి

సాధారణంగా రచయిత దొరికాక వినేవాళ్లను వెతుకుతాం. దీనిని తిరగేయండి. ఈ నెల మన ఊళ్లో ఏ విషయం మీద ఎవరు బాధపడుతున్నారు, ఎవరు పోట్లాడుతున్నారు, ఎవరికి మాట్లాడే చోటు లేదు అన్నది ముందు ఆలోచించి, ఆ మనుషులకు పనికొచ్చే పుస్తకం ఏదో చూసి, అప్పుడు రచయితకు ఫోన్ చేయండి. తిరుపతి అనగానే బయటివాళ్లకు కొండ, భక్తులు గుర్తొస్తారు కానీ, ఇక్కడ ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది, వాటి హాస్టళ్లలో రాయలసీమ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు వేలమంది ఉన్నారు. లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేవాళ్లు, హోటళ్లలో రాత్రి రెండు గంటలదాకా గిన్నెలు కడిగేవాళ్లు, ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే ఆయాలు, ఆటోలవాళ్లు, పూలు కట్టేవాళ్లు ఉన్నారు. వీళ్లలో ఎవరి కోసం ఈ సమావేశం అన్నది ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే సమావేశాన్ని వాయిదా వేయడమే మంచిది.

రచయిత బతికి లేకపోయినా, ఊరికి రాలేకపోయినా సమావేశం ఆగనక్కరలేదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టి, బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసి, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మధురాంతకం రాజారాం 1999లో పోయారు. ఇక్కడే పుట్టి, నిజామాబాద్ జిల్లాలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ నవలలు రాసిన డాక్టర్ కేశవరెడ్డి 2015లో పోయారు. వీళ్ల పుస్తకాల నుంచి పది పేజీలు బిగ్గరగా చదివి మాట్లాడుకున్న సాయంత్రాలకు కొందరు బతికున్న రచయితల సభలకన్నా ఎక్కువమంది వచ్చారు. చిత్తూరు యాసలో ఉన్న సంభాషణను ఆ యాస మాట్లాడే మనిషి చదివితే, పుస్తకం ముట్టుకోని మనిషికి కూడా అది తన మాటేనని వెంటనే తెలుస్తుంది.

తేదీ

తిరుపతిలో తేదీ ఖాయం చేయడానికి పంచాంగం, రైల్వే రిజర్వేషన్ రెండూ చూడాలి. ఆశ్వయుజంలో శ్రీవారి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, అధికమాసం వచ్చిన ఏడాది రెండుసార్లు జరుగుతాయి. కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, డిసెంబరు జనవరి నెలల్లో వైకుంఠ ఏకాదశి, ఆ తర్వాత రథసప్తమి ఉంటాయి. ఆ రోజుల్లో గది దొరకదు, ఆటో దొరకదు, మీరు పిలవదలచుకున్న కార్మికులకు సెలవు అసలే దొరకదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం కూడా వదిలేయండి, ఎందుకంటే ఊరి మనుషులందరూ వేషాల్లో ఉంటారు, ఉండాలి కూడా. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరు 18, 19 తేదీల్లో కురిసిన వానకు ఊళ్లో ఎన్ని కాలనీలు మునిగాయో చూసినవాళ్లెవరూ నవంబరులో మేడ మీద షామియానా కింద సమావేశం పెట్టరు.

వారంలో ఏ రోజు అన్నది వినేవాళ్లను బట్టి ఉంటుంది. యూనివర్సిటీ విద్యార్థులకు శనివారం సాయంత్రం వీలవుతుంది. లాడ్జీలు, హోటళ్లలో పనిచేసేవాళ్లకు శని, ఆదివారాలు ఊపిరి సలపని రోజులు, వాళ్ల కోసమైతే మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టండి. పారిశుద్ధ్య పని తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి వాళ్లను రాత్రి తొమ్మిదిదాకా కూర్చోబెట్టడం అన్యాయం. అడగకుండా ఊహించవద్దు. నేను ఊహించిన ప్రతిసారీ తప్పాను.

రచయితతో మొదటి ఫోన్

ఈ సంభాషణలో మొహమాటపడితే చివరిదాకా ఇబ్బంది పడతారు. ప్రయాణ ఖర్చు ఎవరిది, ఏ తరగతి టికెట్టు, బస ఎక్కడ, ఎంతసేపు మాట్లాడాలి, ప్రశ్నలకు ఎంత సమయం, వీడియో తీయవచ్చా, ఆహారంలో ఏమైనా పట్టింపు ఉందా, మెట్లు ఎక్కగలరా అన్నవన్నీ ఆ రోజే అడిగి, అదే సాయంత్రం వాట్సాప్‌లో రాసి పంపండి. గౌరవ పారితోషికం ఇవ్వగలిగితే ఎంతో చెప్పండి, ఇవ్వలేకపోతే ఇవ్వలేమని చెప్పండి. ఉద్యమ సాహిత్యం రాసేవాళ్లు డబ్బు అడగరన్న ధీమాతో వాళ్ల జేబు నుంచే టికెట్టు పెట్టించడం మన రంగంలో పాతుకుపోయిన చెడ్డ అలవాటు. కూలిరేట్ల మీద రాసిన మనిషికి కనీసం రానుపోను ఖర్చు ఇవ్వకుండా పంపితే మనం అమ్మే పుస్తకాలకు అర్థం ఉండదు.

తిరుపతికి మాత్రమే సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. అతిథి కుటుంబంతో వస్తారు, దర్శనం గురించి అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు, ఇంత దూరం వచ్చి కొండ ఎక్కకుండా వెళ్లమని ఎవరినీ అనలేం. అయితే సిఫారసు ఉత్తరాల కోసం మీరు తిరగడం మొదలుపెడితే సమావేశం పనులు మూలన పడతాయి. దర్శనం టికెట్లను వాళ్లే ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలని, కొండ మీదికి వెళ్లేది సమావేశం జరిగిన మర్నాడే తప్ప అదే రోజు కాదని మొదటి ఫోన్‌లోనే చెప్పండి. ఒకసారి మా అతిథి ఉదయం కొండకు వెళ్లి క్యూలో చిక్కుకుపోయారు. అరవైమంది ఏడు గంటలదాకా ఎదురుచూశారు.

రైలు టికెట్ల విషయం కూడా ఇప్పుడే తేల్చుకోండి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. హైదరాబాద్ వైపు వెళ్లే నారాయణాద్రి, పద్మావతి, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లలో యాత్రికుల రద్దీ వల్ల బెర్తులు త్వరగా అయిపోతాయి కాబట్టి, తేదీని రెండున్నర నెలల ముందు ఖాయం చేసి, రిజర్వేషన్ తెరిచిన ఉదయమే రానుపోను రెండు టికెట్లూ తీసుకోండి.

పుస్తకాలు సమావేశానికన్నా ముందు రావాలి

ఈ గైడులో ఒక్క భాగమే గుర్తుపెట్టుకునే పక్షంలో దీనిని గుర్తుపెట్టుకోమని కోరతాను. చాలా సభల్లో పుస్తకం ఆ సాయంత్రమే ఆవిష్కరణ జరిగి, ఆ సాయంత్రమే బల్ల మీదికి వస్తుంది. అంటే వచ్చినవాళ్లలో ఎవరూ దానిని చదివి ఉండరు. చదవనివాళ్లు ఏమి అడుగుతారు? మీకు ప్రేరణ ఎవరండీ, తర్వాత ఏమి రాస్తున్నారండీ అని అడుగుతారు. రచయిత అవే జవాబులు యాభయ్యోసారి చెప్తారు. అదే పుస్తకం మూడు వారాల ముందు ఇరవై ఇళ్లకు చేరి ఉంటే ఆ గదిలో మాట తీరే మారిపోతుంది.

కాబట్టి నెల ముందు ప్రచురణకర్తకు ఉత్తరం రాయండి. తెలుగు ప్రచురణకర్తలు షాపులకు మామూలుగా 30 నుంచి 40 శాతం కమీషన్ ఇస్తారు. సమావేశం కోసం అడిగితే అమ్ముడుపోని కాపీలు వాపసు తీసుకునే షరతు మీద కూడా పంపుతారు. వాపసు గడువు, పార్శిల్ ఖర్చు ఎవరిది, నలిగిన కాపీల లెక్క ఎలా అన్నవి ముందే రాతలో ఉండాలి. విజయవాడ, హైదరాబాద్ నుంచి కట్టలు ఆర్టీసీ కార్గోలో వస్తే బస్టాండులో తీసుకోవచ్చు. కట్ట విప్పగానే బిల్లుతో సరిపోల్చి లెక్కపెట్టండి, తడిసినవీ మడతలు పడినవీ అప్పుడే ఫొటో తీసి పంపండి.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. 200 రూపాయల పుస్తకం 40 కాపీలు 35 శాతం కమీషన్ మీద తెప్పించారనుకుందాం. కాపీకి మీరు కట్టవలసింది 130 రూపాయలు, మీకు మిగిలేది 70. అందులో 28 అమ్ముడుపోతే ప్రచురణకర్తకు 3,640 రూపాయలు వెళ్లాలి, మీ చేతిలో 1,960 ఉంటుంది, 12 కాపీలు వాపసు కట్టాలి. ఆ 1,960లోనే కార్గో, కుర్చీలు, టీ, కరపత్రాలు సర్దుకోవాలి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేకపోవడం ఇక్కడ కొంత ఊరట. రచయిత ప్రయాణ ఖర్చు ఈ అమ్మకాల నుంచి రాదని ఈ లెక్కతోనే తెలుస్తుంది కదా, అందుకని దానిని పాఠక మిత్రుల నెలసరి చందాల నుంచి వేరుగా సమకూర్చుకోండి.

కొనలేనివాళ్ల కోసం ఐదు కాపీలు పక్కన పెట్టండి. శాలువా, జ్ఞాపిక, బొకేలకు పెట్టే డబ్బుతో ఆ ఐదూ వస్తాయి. మేము శాలువాలు మానేసి ఆ డబ్బుతో కొన్న కాపీలను రెండు హాస్టళ్లకు, ఒక ఆటో స్టాండుకు ఇస్తున్నాం. చేతులు మారి మారి అట్ట ఊడిపోయి, చివరి పేజీల్లో ఫోన్ నంబర్లు, చీటీ పాట లెక్కలు రాసి ఉన్న కాపీ ఒకటి ఆటో స్టాండు నుంచి మాకు తిరిగొచ్చింది. దానిని రచయిత అడిగి తీసుకెళ్లారు.

సమావేశానికి పది రోజుల ముందు చదివినవాళ్లతో ఒక చిన్న కూడిక పెట్టండి. ఎనిమిది మంది చాలు. ఏ అధ్యాయం నచ్చింది, ఎక్కడ ఒప్పుకోలేకపోయారు, ఎక్కడ చదవలేక పక్కన పెట్టేశారు అని అడిగి రాసుకోండి. ఆ కాగితాన్ని రచయితకు ముందుగానే పంపండి. చదవడం రానివాళ్లు ఉంటే ఒక అధ్యాయాన్ని ఎవరైనా బిగ్గరగా చదివి వినిపించండి. పుస్తకాన్ని మనుషుల దగ్గరకు తీసుకెళ్లడం తెలుగునేలకు కొత్త కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన నాటి నుంచి పల్లెపల్లెకూ నడిచిన ఉద్యమం అది. 1935లో పాతూరి నాగభూషణం వంటివారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. మనకు కాలువలు లేవు కానీ ఆటోలు ఉన్నాయి.

చోటు

గది చిన్నదైనా ఫరవాలేదు, నిండిన చిన్న గది సగం ఖాళీగా ఉన్న పెద్ద హాలు కన్నా మేలు. మధ్యలో ఉండే ర్యాకులకు కింద చక్రాలు బిగించుకుంటే అరగంటలో గోడకు తోసేసి నలభై కుర్చీలు వేసుకోవచ్చు. కుర్చీలను వరుసలుగా కాక అర్ధచంద్రాకారంలో వేయండి, రచయిత కుర్చీ కూడా అదే నేల మీద, అదే ఎత్తులో ఉండాలి. వేదిక వద్దు. షాపు మేడ మీద ఉంటే, మెట్లెక్కలేనివాళ్లు వస్తున్నారేమో ముందే కనుక్కుని, వస్తుంటే ఆ రోజుకు కింద గది అడిగి తీసుకోండి.

మరుగుదొడ్డి ఎక్కడుందో తలుపు దగ్గరే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి, తాళం ఎవరి దగ్గరో అడిగే అవసరం ఎవరికీ రాకూడదు. ఆడవాళ్లు సమావేశాల నుంచి త్వరగా వెళ్లిపోవడానికి అసలు కారణాల్లో ఇదొకటని మాకు చెప్పిన స్నేహితురాలికి రుణపడి ఉన్నాం. మంచినీళ్లు, ఫ్యాన్లు, కరెంటు పోతే వెలిగే లైటు సరిచూసుకోండి. నలభైమందికి మైకు అక్కరలేదని అనిపిస్తుంది, కానీ వినికిడి తగ్గినవాళ్లకు, గొంతు చిన్నదైనవాళ్లకు అది కావాలి. కార్డ్‌లెస్ మైకు ఒకటి ఉంటే అది వెనక వరుసదాకా నడిచి వెళ్తుంది.

పిలుపు

ఫ్లెక్సీకి పెట్టే డబ్బు కరపత్రాలకు పెట్టండి. కరపత్రంలో విషయం, రచయిత పేరు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, షాపు కొండగుర్తు, బస్సు ఎక్కడ దిగాలి అన్నవి ఉంటే చాలు. ముగిసే సమయం వేయడం ముఖ్యం, దానిని చూసే దూరం నుంచి వచ్చేవాళ్లు బయల్దేరాలా వద్దా అని నిర్ణయించుకుంటారు. దినపత్రికల జిల్లా పేజీల్లో వచ్చే 'నేటి కార్యక్రమాలు' శీర్షికకు రెండు రోజుల ముందు సమాచారం పంపండి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, కానీ వాటినే నమ్ముకోవద్దు. మా అనుభవంలో గ్రూపులో పోస్టర్‌కు చెయ్యెత్తి దండం పెట్టినవాళ్లలో వచ్చేది కొందరే, షాపుకు వచ్చినప్పుడో పనిచేసే చోటికి వెళ్లినప్పుడో "అక్కా, మీరు రావాలి, మీ సంగతే మాట్లాడుకుంటాం" అని మేము ముఖాముఖి పిలిచినవాళ్లలో చాలామంది వస్తారు. సంఘాల నాయకులకు చెప్పి ఊరుకోవద్దు, నాయకుడు వస్తాడు కానీ సభ్యులు రారు.

అనుమతులు, అభ్యంతరాలు

శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చినదే. అయినా పట్టణంలో పోలీసు చట్టం 30వ సెక్షన్ కిందనో, పాత 144వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కిందనో ఆంక్షలు ఉన్నాయేమో ఆ వారం కనుక్కోండి. ఎన్నికల నియమావళి అమల్లో ఉందేమో కూడా చూడండి. ఆంక్షలు లేకపోయినా సమావేశం వివరాలతో స్థానిక స్టేషన్‌లో ఒక ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవడం మా అలవాటు. అది అనుమతి అడగడం కాదు, సమాచారం ఇవ్వడం, ఉత్తరంలో ఆ మాటే రాయండి. ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెడితే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అది నిషిద్ధం, ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లదాకా నిశ్శబ్ద ప్రాంతంగా పరిగణిస్తారు.

ఇది పుణ్యక్షేత్రం, ఇక్కడ ఇలాంటి మాటలు ఎందుకని మీకు ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లతో తగాదా పెట్టుకోకుండా రమ్మని పిలవండి. కులం గురించీ, కూలి గురించీ మాట్లాడుకోవడం ఎవరి భక్తినీ తగ్గించదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, ఆ మాట వాళ్లతో కూడా అంటాను. అభ్యంతరం చెప్పదలచినవాళ్లకు ప్రశ్నల సమయంలో అందరితోపాటు వంతు ఇవ్వండి. గలాటా చేయడానికే వచ్చినట్లు అనిపిస్తే తలుపు దగ్గర నెమ్మదైన ఇద్దరు ఉండాలి, పోలీసులతో మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి, ముద్ర వేసిన ఉత్తరం నకలు ఆ ఒక్కరి జేబులో ఉండాలి. రచయితను ఏ పరిస్థితిలోనూ ఒంటరిగా వదలవద్దు.

ఆ సాయంత్రం

కరపత్రంలో ఆరని వేస్తే ఆరుకే మొదలుపెట్టండి, పదిమందే ఉన్నా సరే. మొదటి రెండు సమావేశాలకు జనం ఆలస్యంగా వస్తారు, మూడోదానికి సమయానికి వస్తారు. జ్యోతి ప్రజ్వలన, ఆహ్వాన పలుకులు, సందేశాలు చదవడం అన్నీ వదిలేయండి. సభాధ్యక్షుడు వద్దు, పుస్తకాన్ని పూర్తిగా చదివిన సమన్వయకర్త ఒకరు చాలు. ఆమె గానీ ఆయన గానీ మూడు నిమిషాల్లో రచయితను పరిచయం చేయాలి. పరిచయంలో అవార్డుల జాబితా కాక, ఈ పుస్తకం ఈ ఊరికి ఎందుకు కావాలో చెప్పాలి.

తర్వాత రచయిత పది నిమిషాలు తన పుస్తకం నుంచి చదవాలి. ఇరవై ఐదు నిమిషాలు సమన్వయకర్తతో సంభాషణ సాగాలి. ఆ వెంటనే మైకు వినేవాళ్లకు వెళ్లాలి, కనీసం నలభై ఐదు నిమిషాలు వాళ్ల దగ్గరే ఉండాలి. ఇక్కడ జాగ్రత్త చాలా కావాలి, ఎందుకంటే మైకు దొరకగానే పదిహేను నిమిషాలు ప్రసంగించే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ప్రశ్నకైనా అభిప్రాయానికైనా ఒక నిమిషమే అని ముందుగా అందరితో చెప్పండి. సమయం మించినప్పుడు సమన్వయకర్త "సార్, మీ మాట అందింది, మిగతాది టీ దగ్గర మాట్లాడుకుందాం" అని నవ్వుతూ అని మైకు అందుకోవాలి. నాకు పాఠాలు చెప్పిన మాస్టారిని కూడా నేను అలాగే ఆపవలసి వచ్చింది, ఆయన ఏమీ అనుకోలేదు.

మొదటి మూడు ప్రశ్నలు ఎవరివన్నది మిగతా సాయంత్రాన్నంతా నిర్ణయిస్తుంది. మొదట మగవాళ్లు ముగ్గురు మాట్లాడితే ఆడవాళ్లు ఇక నోరు విప్పరు, మొదట లెక్చరర్లు మాట్లాడితే ఆటో డ్రైవర్ నోరు విప్పడు. అందుకని పది రోజుల ముందు జరిగిన కూడికలో మాట్లాడినవాళ్ల నుంచి ఒక విద్యార్థినిని, ఒక కార్మికురాలిని మొదట అడగమని ముందే కోరండి. లేచి మాట్లాడటానికి ఇబ్బంది పడేవాళ్ల కోసం కాగితపు చీటీలు, పెన్సిళ్లు కుర్చీల మీద పెట్టండి, రాయడం రానివాళ్ల పక్కన రాసిపెట్టే వాలంటీరు కూర్చోవాలి. తమిళం, ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్లు తిరుపతి, చిత్తూరు జిల్లాలు రెండింటిలోనూ ఎక్కువే. ఎవరికి ఏ భాష నోటికొస్తే ఆ భాషలోనే అడగమనండి, తెలుగులో చెప్పడానికి ఒకరిని సిద్ధంగా ఉంచండి.

ఒకసారి పూలు కట్టే ఒక పెద్దావిడ మూరలు కొలుస్తూనే విని, చివర్లో మైకు తీసుకుని, "మీ కథలో ఆమె సాయంత్రానికి పది మూరలు కట్టిందని రాశావు నాయనా, పూట గడవాలంటే పది మూరలు ఏ మూలకు?" అన్నారు. రచయిత ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, రోజుకు ఎన్ని మూరలు కడతారు, మూరకు ఎంతిస్తారు, వాడిపోయిన పూల నష్టం ఎవరిది అని అడిగి రాసుకున్నారు. అసలు సమావేశం ఆ పావుగంటలోనే జరిగింది.

ముగిసే సమయానికి ముగించండి. వందన సమర్పణ రెండు వాక్యాలు చాలు. సంతకాలకు, టీకి, మురుకులకు అరగంట ఉండాలి, తడబడే మనుషులు మాట్లాడేది అప్పుడే. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలు హాస్టల్‌కు ఎవరితో వెళ్తున్నారో కనుక్కుని, ఇద్దరు ముగ్గురిని కలిపి ఆటో ఎక్కించండి.

రచయిత లేని నెలల్లో

ఏడాదికి నాలుగైదుసార్లకు మించి రచయితలను పిలవడం చిన్న షాపుకు సాధ్యం కాదు. మిగిలిన నెలల్లో అదే రోజు, అదే సమయంలో పాఠకులు కూర్చోవాలి, తేదీ మారితే అలవాటు తప్పుతుంది. ఒక నెల కథ చదువుకోండి. ఒక నెల ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) లెక్క ఎలా చూసుకోవాలో, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఎలా రాయాలో తెలిసినవాళ్లను పిలిచి అక్కడికక్కడే రాయించండి. 2005 నాటి ఆ చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి కాబట్టి, వచ్చే నెల సమావేశంలో జవాబులు తెచ్చి అందరూ కలిసి చదవవచ్చు. పిల్లలను తీసుకురావద్దని ఎప్పుడూ అనకండి. ఒక మూల చాప పరిచి బొమ్మల పుస్తకాలు పెడితే వాళ్ల తల్లులు చివరిదాకా ఉండగలుగుతారు.

మర్నాడు చేయవలసినవి

మిగిలిన కాపీలను లెక్కపెట్టి, అమ్మకం వివరాలు ప్రచురణకర్తకు వెంటనే రాయండి, పది రోజుల్లో డబ్బు పంపండి. చిన్న ప్రచురణ సంస్థలు షాపుల దగ్గర ఆగిపోయిన బాకీల వల్లనే మూతపడతాయి, ప్రజల పక్షాన ఉన్నామని చెప్పుకునే షాపులు కూడా ఆ బాకీదారుల్లో ఉండటం నాకు బాధ కలిగిస్తుంది. జమాఖర్చులను షాపులో అందరికీ కనిపించేలా అంటించండి.

చీటీల మీది ప్రశ్నలన్నీ, జవాబు దొరికినవీ దొరకనివీ, ఒక నోటుబుక్కులో తేదీతో సహా ఎక్కించండి. సమయం చాలక మిగిలిపోయిన వాటిని రచయితకు పంపి, వచ్చిన జవాబులను అడిగినవాళ్లకు ఫోన్ చేసి చదివి వినిపించండి. ఎవరు చెయ్యెత్తి మాట్లాడలేకపోయారో వాలంటీర్లను అడిగి, ఆ పేర్లు కూడా రాసుకోండి, వచ్చే సమావేశానికి ముందు మొదట కలవవలసింది వాళ్లనే. ఇక తర్వాతి తేదీని తలుపు పక్కన బోర్డు మీద సుద్దముక్కతో రాసి, కుర్చీలు లెక్కపెట్టి టెంట్ హౌస్‌కు అప్పగించి, ర్యాకులను మళ్లీ మధ్యకు తోయండి.